చిన్న గ్రామీణ మురుగునీటి శుద్ధి కేంద్రాలకు వడపోతను జోడించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఊరి మురుగు కాల్వలన్నీ ఒకచోట చేరి చెరువులోకో వాగులోకో కలిసే ముందు ఒక జాలీ, ఒక సెటిల్లింగ్ ట్యాంకు, ఆ తర్వాత ఒకటి రెండు శుద్ధి కుంటలు కట్టుకున్న పంచాయతీలు తెలుగు రాష్ట్రాల్లో ఉన్నాయి. కొన్ని గురుకుల పాఠశాలల్లో, వసతి గృహాల్లో గాలి పంపి నడిపే చిన్న ఎస్‌టీపీలు, అంటే మురుగునీటి శుద్ధి కేంద్రాలు, కూడా ఉన్నాయి. ఇలాంటి కేంద్రాల నుంచి బయటికి వచ్చే నీరు లోపలికి వచ్చిన నీటికంటే మెరుగ్గానే ఉంటుంది గాని, చాలాచోట్ల ఇంకా మబ్బుగా, వాసనతో ఉంటుంది. దానికి చివరి మెట్టుగా వడపోతను చేర్చాలనుకునే సర్పంచులు, పంచాయతీ కార్యదర్శులు, వార్డెన్లు, యువ ఇంజినీర్లు తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

సెటిల్లింగ్ ట్యాంకు, కుంటలు ఉండగా వడపోత ఎందుకు?

బరువైన మడ్డి అడుగుకు దిగుతుంది, నూనె, తెట్టు పైకి తేలుతాయి. ఈ రెండింటికీ చెందని సన్నటి రేణువులు మాత్రం కొద్ది గంటల్లో దిగక నీటిలోనే తిరుగుతూ ఉంటాయి. సూక్ష్మజీవులు మురికిని తిని గుంపులుగా కట్టిన తునకలు, నాచు కణాలు, పొట్ట పురుగుల గుడ్లు ఈ కోవలోకే వస్తాయి. మిగిలిపోయిన బీఓడీలో, అంటే నీటిలోని ప్రాణవాయువును పీల్చుకునే మురికిలో, చెప్పుకోదగ్గ భాగం ఈ రేణువుల రూపంలోనే ఉంటుంది కనుక, రేణువులను పట్టగలిగితే మబ్బుతనంతో పాటు బీఓడీ కూడా తగ్గుతుంది. ఆ తర్వాత వేసే క్లోరిన్ పని చేయడానికి కూడా అప్పుడే వీలు కలుగుతుంది.

ఫిల్టర్ పెడితే నీటిలోని అన్ని దోషాలూ పోతాయా?

పోవు. నీటిలో కరిగిపోయిన వాటిని ఇసుక ఆపలేదు. అమోనియా, నైట్రేటు, సబ్బుల నుంచి మలమూత్రాల నుంచి వచ్చే ఫాస్ఫేటు, ఉప్పు మామూలు ఇసుక గుండా దాదాపు వచ్చినవి వచ్చినట్టే దాటిపోతాయి. చెరువులో గుర్రపుడెక్క పెరగడానికి మూలం ఈ నత్రజని, ఫాస్ఫరస్‌లే కనుక, స్పష్టంగా కనిపించే నీరు కూడా చెరువును పాడు చేయగలదని ముందే తెలిసి ఉండాలి. ఫాస్ఫరస్‌ను తగ్గించాలంటే ఫిల్టర్‌కు ముందు పటిక వంటిది కలిపి దాన్ని ముద్దగా మార్చి, ఆ ముద్దను వడకట్టాలి. చిన్న గ్రామంలో రోజూ మోతాదు చూసుకుంటూ మందు కలపడం బరువైన పని. అలాంటి చోట నీటిని చెరువులోకి వదలకుండా పొలానికి మళ్లించడం మేలు, ఎందుకంటే చెరువుకు విషమైన ఆ నత్రజని, ఫాస్ఫరస్‌లే పైరుకు ఎరువు.

ఫిల్టర్ కొనే ముందు ఏమి చూసుకోవాలి?

దాని ముందున్న ప్రతి మెట్టునూ చూసుకోవాలి. చిన్న కేంద్రాలలో నేను చూసిన ఫిల్టర్ వైఫల్యాల్లో ఎక్కువ భాగం ఫిల్టర్ తప్పు కాదు. జాలీ వంగిపోయి షాంపూ సాచెట్లు, గుట్కా పాకెట్లు లోపలికి వచ్చాయి, ఏళ్ల తరబడి సెటిల్లింగ్ ట్యాంకు మడ్డి తీయలేదు, వంటశాల నీటికి నూనెను ఆపే తొట్టి (గ్రీజ్ ట్రాప్) లేక నూనె నేరుగా ఇసుక మీదికి చేరింది. నూనె పట్టిన ఇసుక ఉండలు కట్టి గట్టిపడుతుంది. ఆ స్థితికి వచ్చాక దాన్ని కడిగి బాగు చేయడం దాదాపు అసాధ్యం, తీసి పారవేయవలసిందే.

అందువల్ల మొదట మడ్డి తీయించి, జాలీ బాగు చేయించి, గాలి పంపే బ్లోయర్ ఉంటే అది రోజుకు ఎన్ని గంటలు నిజంగా నడుస్తున్నదో లెక్క చూసి, ఒక నెల తర్వాత బయటికి వచ్చే నీటిని పరీక్షించాలి. నీటిలో తేలే రేణువులు లీటరుకు సుమారు 30 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటే ఫిల్టర్ మాట ఆలోచించవచ్చు. 100 దాటుతూ ఉంటే ఏ ఫిల్టర్ పెట్టినా కొద్ది రోజులకే మూసుకుపోతుంది. ఈ ఒక్క నెల ఓపిక పట్టిన కొన్నిచోట్ల ఫిల్టర్ అవసరమే రాలేదు.

మా కాల్వల్లో స్నానం, వంట నీళ్లే వస్తాయి. మరుగుదొడ్ల నీరు రాదు. ఇంత జాగ్రత్త అవసరమా?

ఒకసారి ఉదయం పూట కాల్వ వెంబడి నడిచి చూడమని కోరుతున్నాను. సెప్టిక్ ట్యాంకు నుంచి పొంగే నీటిని ఇంకుడు గుంతలోకి కాకుండా ఒక గొట్టం ద్వారా వీధి కాల్వలోకి వదిలిన ఇళ్లు చాలా గ్రామాల్లో ఉన్నాయి. కాగితం మీద అది వాడుక నీరే అయినా, అందులో మలంతో వచ్చే సూక్ష్మజీవులు ఉంటాయి. కాబట్టి కేంద్రాన్ని మురుగునీటి కేంద్రంగానే లెక్కగట్టి కట్టాలి, పనివారి రక్షణ విషయంలో కూడా అలాగే చూడాలి.

ఏ రకం ఫిల్టర్ మా ఊరికి తగినది?

ఈ ప్రశ్నకు జవాబు ఊరి జనాభా కంటే స్థలం, కరెంటు, మనిషి అనే మూడింటి మీద ఆధారపడి ఉంటుంది. 4,000 మంది ఉన్న ఒక గ్రామాన్ని ఉదాహరణగా తీసుకుందాం. జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు ఇస్తే 2,20,000 లీటర్లు, అందులో 65 శాతం మురుగుగా వస్తే 1,43,000 లీటర్లు. మిషన్ భగీరథ గ్రామాలకు పెట్టుకున్న లక్ష్యం 100 లీటర్లు కనుక అదే జనాభా ఉన్న తెలంగాణ గ్రామంలో ఇది 2,60,000 లీటర్లవుతుంది. రెండు లెక్కల మధ్య ఇంత తేడా ఉన్నప్పుడు, పుస్తకంలోని అంకెను నమ్మి కట్టడం కంటే కాల్వ చివర ఒక వారం పాటు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి నీటిని కొలిచి కట్టడం మంచిది.

మొదటిది నెమ్మది ఇసుక ఫిల్టర్. సన్నటి ఇసుకను 80 నుంచి 100 సెంటీమీటర్ల మందాన పరచి, దాని మీదుగా గంటకు 10 సెంటీమీటర్ల వేగంతో నీటిని దిగనిస్తారు. పై లెక్క ప్రకారం 1,43,000 లీటర్లకు దాదాపు 60 చదరపు మీటర్ల ఇసుక పడక కావాలి. ఒకటి శుభ్రం చేసేటప్పుడు రెండోది నడవాలి కనుక అలాంటివి రెండు కట్టాలి. కొద్ది రోజుల్లో ఇసుక పైభాగాన సూక్ష్మజీవులతో ఒక జిగట పొర ఏర్పడుతుంది. రోగకారక క్రిములను ఎక్కువగా పట్టుకునేది ఆ పొరే. 1892లో జర్మనీలోని హాంబర్గ్ నగరం ఎల్బే నది నీటిని వడకట్టకుండా తాగి కలరాతో 8,000 మందికి పైగా ప్రాణాలు కోల్పోగా, అదే నదికి దిగువన ఉండి నెమ్మది ఇసుక ఫిల్టర్లు వాడిన ఆల్టోనా పట్టణం చాలావరకు తప్పించుకుంది. అది తాగునీటి కథ అయినా, ఇసుక పని తీరు ఇక్కడా అదే. కరెంటు అక్కర్లేదు, మందులు అక్కర్లేదు. స్థలం కావాలి, పొర మూసుకుపోయినప్పుడు పైనున్న ఒకటి రెండు సెంటీమీటర్ల ఇసుకను గీకి తీసే మనిషి కావాలి. సెటిల్లింగ్ ట్యాంకు తర్వాత నేరుగా దీన్ని పెడితే రోజుల్లోనే మూసుకుపోతుంది కనుక, మధ్యలో కుంట గాని, ముతక కంకర ఫిల్టర్ గాని తప్పనిసరి.

రెండవది ప్రెజర్ శాండ్ ఫిల్టర్. మూసి ఉన్న సిలిండర్‌లో ముతక ఇసుక నింపి పంపుతో నీటిని నెడతారు. గంటకు 10 మీటర్ల వేగంతో రోజుకు 16 గంటలు నడిపితే, అదే 1,43,000 లీటర్లకు సుమారు మీటరు పైచిలుకు వ్యాసం ఉన్న సిలిండర్ ఒకటి సరిపోతుంది. గురుకులాల్లో, స్థలం తక్కువ ఉన్న వసతి గృహాల్లో దీనికే మొగ్గు చూపుతారు. కరెంటు, పంపు, వాల్వులు తెలిసిన ఆపరేటర్ లేనిచోట దీన్ని పెట్టవద్దని నా గట్టి సలహా. దాని వెనుకే వరసగా పెట్టే యాక్టివేటెడ్ కార్బన్ (ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు) ఫిల్టర్ రంగు, వాసన తగ్గిస్తుంది గాని, బొగ్గు సామర్థ్యం అయిపోయాక మార్చకపోతే అది కేవలం ఖాళీ సిలిండర్‌తో సమానం. పంచాయతీకి అది అవసరమని నేను అనుకోను.

మూడవది మొక్కల కంకర పడక. సుమారు 60 సెంటీమీటర్ల లోతు కంకరలో మెట్టతామర, జమ్ము వంటివి నాటి, నీటిని కంకర లోపలే పారిస్తారు. ఇది వడపోత మాత్రమే కాదు, జీవ శుద్ధి కూడా. పూర్తి శుద్ధికి మనిషికి చదరపు మీటరు చొప్పున పెట్టినా 4,000 మందికి దాదాపు ఎకరం అవుతుంది. ముందు కుంటలు బాగా పని చేస్తూ ఉంటే ఇంకా తక్కువతో సరిపెట్టవచ్చు. ఊరికి దిగువన ప్రభుత్వ భూమి ఉన్న గ్రామాలకు ఇదే నేను మొదట సూచించేది.

మా కుంట నీరు పచ్చగా ఉంటుంది. దాన్ని ఇసుక ఫిల్టర్‌కు పంపవచ్చా?

ఆ పచ్చదనం నాచు. అది పగటిపూట ప్రాణవాయువును ఇచ్చి కుంటలో శుద్ధి జరిగేలా చేస్తుంది గాని, బయటికి వచ్చే నీటిలో అదే రేణువుగా లెక్కకు వస్తుంది, సన్నటి ఇసుకను వేగంగా మూసేస్తుంది. ఇలాంటి చోట ముందుగా పిడికిలి పరిమాణం ఉన్న రాళ్లతో ఒక రాతి ఫిల్టర్ కడితే నాచు రాళ్ల మధ్య చిక్కి అక్కడే కుళ్లిపోతుంది. దీనికి ఒక లోపం ఉంది. లోపల గాలి ఆడదు కనుక అమోనియా తగ్గదు, ఒక్కోసారి పెరుగుతుంది, కుళ్లిన గుడ్ల వాసన కూడా రావచ్చు. నీటిని పొలానికి వాడేటప్పుడు ఇది పెద్ద ఇబ్బంది కాదు. చేపల చెరువులోకి వదిలేటట్లయితే ఇబ్బందే, ఎందుకంటే అమోనియా చేపలకు విషం. బయటికి వచ్చే నీటిని నాలుగైదు మెట్ల మీదుగా పలచగా జారనిస్తే వాసన కొంత పోయి ప్రాణవాయువు చేరుతుంది. నీటిని కుంట పైభాగం నుంచి కాకుండా కాస్త కింది నుంచి తీసుకోవడం మరో సులువు, ఎందుకంటే నాచు ఎక్కువగా వెలుతురు పడే పై పొరలో ఉంటుంది.

ఇసుక దగ్గరలో దొరికేది వాడవచ్చా? రోబో ఇసుక?

దొరికిన ఇసుకను అలాగే పోయకూడదు. నెమ్మది ఫిల్టర్‌కు 0.15 నుంచి 0.35 మిల్లీమీటర్ల మధ్య, ప్రెజర్ ఫిల్టర్‌కు 0.45 నుంచి 0.7 మిల్లీమీటర్ల మధ్య ప్రభావ పరిమాణం (బరువులో పది శాతం గింజలు దానికంటే సన్నగా ఉండే కొలత) ఉండాలి. గింజలన్నీ ఇంచుమించు ఒకే సైజులో ఉండాలి. సన్నవి, ముతకవి కలిసి ఉంటే సన్నవి సందులను పూడ్చి నీటిని ఆపేస్తాయి. రోబో ఇసుకలో రాతి పొడి ఎక్కువగా ఉంటుంది, గింజలు కోణాలు తేలి ఉంటాయి. జల్లించి, పలుమార్లు కడిగి పరీక్షించకుండా దాన్ని వాడితే మొదటి వారంలోనే సమస్య వస్తుంది.

పంచాయతీలోనే చేయగల పరీక్ష ఒకటి ఉంది. గాజు సీసాలో సగం ఇసుక, మిగతా నీళ్లు పోసి బాగా ఊపి, ఒక గంట కదపకుండా ఉంచండి. ఇసుక మీద మట్టి పొర స్పష్టంగా కనిపిస్తే ఆ ఇసుకను ఇంకా కడగాలి. చిటికెడు ఇసుక మీద కొద్దిగా ఆమ్లం పోస్తే బుస్సుమని పొంగితే అందులో సున్నపు గింజలు ఉన్నట్టు. అవి కాలక్రమంలో కరిగిపోతాయి కనుక ఆ ఇసుక పనికిరాదు.

బ్యాక్‌వాష్ నీటిని ఎక్కడికి పంపాలి?

డిజైన్ కాగితాల్లో ఎక్కువగా మరచిపోయే విషయం ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ప్రెజర్ ఫిల్టర్‌ను శుభ్రం చేయడమంటే నీటిని కింది నుంచి పైకి వేగంగా తోలి, ఇసుకను ఉబ్బించి, చిక్కిన మురికిని విడిపించడం. పై ఉదాహరణలోని సిలిండర్‌కు గంటకు 36 మీటర్ల వేగంతో పది నిమిషాలు కడిగితే సుమారు 5,400 లీటర్లు ఖర్చవుతాయి. ఇది రోజు నీటిలో నాలుగు శాతం లోపే. అయితే ఆ పది నిమిషాల్లో వచ్చే ప్రవాహం, ఊరి నుంచి సగటున వచ్చే ప్రవాహానికి ఐదు రెట్లకు పైగా ఉంటుంది. దాన్ని ఒక్కసారిగా సెటిల్లింగ్ ట్యాంకులోకి మళ్లిస్తే అప్పటిదాకా అడుగున దిగిన మడ్డి అంతా లేచి, మళ్లీ ఫిల్టర్ మీదికే వస్తుంది. ఫిల్టర్ త్వరగా మూసుకుపోతుంది, ఆపరేటర్ ఇంకా తరచుగా కడుగుతాడు, మడ్డి ఇంకా లేస్తుంది. ఈ చక్రంలో చిక్కుకున్న ఒక వసతి గృహంలో చివరికి ఫిల్టర్‌ను పక్కన పెట్టి నీటిని నేరుగా కాల్వలోకి వదిలారు. అక్కడ లోపించింది ఒక చిన్న తొట్టి మాత్రమే.

అందుకే ఏడెనిమిది వేల లీటర్ల తొట్టి ఒకటి విడిగా కట్టి, కడిగిన నీటిని అందులో నిలిపి, మడ్డి దిగాక పై నీటిని సన్నగా, గంటల తరబడి, కేంద్రం మొదటికి పంపాలి. ఆ మడ్డిని ఆరబెట్టే ఇసుక పడక కూడా పక్కనే ఉండాలి. ఏ పరిస్థితిలోనూ బ్యాక్‌వాష్ నీటిని చెరువులోకి వదలకూడదు, ఎందుకంటే ఇన్ని రోజులు చెరువులో పడకుండా ఆపిన మురికి అంతా చిక్కగా అందులోనే ఉంటుంది.

ఎప్పుడు కడగాలన్నది గడియారం చూసి కాదు, గేజీలు చూసి నిర్ణయించాలి. ఫిల్టర్‌కు ముందు, వెనుక ఉన్న ప్రెజర్ గేజీల మధ్య తేడా చదరపు సెంటీమీటరుకు అర కిలో దాటితే కడిగే సమయం వచ్చినట్టు. ఆ రెండు గేజీలు లేని ఫిల్టర్‌ను తీసుకోవద్దు.

వానాకాలంలో ఏమి చేయాలి?

మన గ్రామాల్లో మురుగు కాల్వే వాన కాల్వ కూడా. గట్టి వాన పడితే ఎర్రమట్టి, చెత్త, పెరళ్లలోని పేడ అన్నీ కలిసి వస్తాయి. అందుచేత కేంద్రం ముందే ఒక పొర్లుకట్టు పెట్టి, ఒక స్థాయికి మించిన నీరు దానంతటదే పక్క కాల్వలోకి పోయేలా చేయాలి. మట్టి దిగడానికి చిన్న తొట్టి ఒకటి దాని వెంటనే ఉండాలి. తొలకరికి ముందు మడ్డి తీయించడం మరవకూడదు.

వడకట్టిన తర్వాత క్లోరిన్ అవసరమా?

మనుషులు తాకే చోటికి నీరు వెళ్తూ ఉంటే అవసరం. మబ్బు నీటిలో క్రిములు రేణువుల మాటున దాక్కుంటాయి, క్లోరిన్ కూడా మురికి మీదే ఖర్చయిపోతుంది. వడకట్టిన నీటిలో ఈ రెండు ఇబ్బందులూ తగ్గుతాయి. బ్లీచింగ్ ద్రావణం కలిపాక నీరు కనీసం అరగంట తొట్టిలో నిలవాలి. ఆ నీటిని చేపలున్న చెరువులోకి పంపరాదు. క్రిములను చంపే యూవీ (అతినీలలోహిత) దీపాలు మంచివే గాని, కరెంటు పోయిన క్షణం నుంచి అవి లేనట్టే.

ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. ఏలికపాముల గుడ్లను మామూలు మోతాదు క్లోరిన్ చంపలేదు. అవి మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు పరిమాణంలో ఉంటాయి కనుక ఇసుకలో చిక్కుతాయి, కుంటల్లో అడుగుకు దిగుతాయి. చెప్పులు లేకుండా పొలంలో దిగే రైతుల, కూలీల, వారి పిల్లల ఆరోగ్యం దృష్ట్యా వడపోతకు నేను ఇచ్చే మొదటి కారణం ఇదే.

ఆ నీటితో ఏ పంటలు పండించవచ్చు?

పశుగ్రాసం, మల్బరీ, టేకు, వెదురు, పూలతోటలు మంచివి. కొత్తిమీర, పుదీనా, ఉల్లికాడలు, టమాటా, దోస వంటి పచ్చిగా తినేవాటికి వద్దు. 1989లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పచ్చిగా తినే పంటలకు వంద మిల్లీలీటర్ల నీటిలో 1,000కి మించని మల కోలిఫారాలు (మలంతో వచ్చే సూక్ష్మజీవులు), లీటరుకు ఒకటికి మించని పురుగు గుడ్లు అని హద్దు పెట్టింది. ఆ హద్దును ఏడాది పొడవునా నిలబెట్టడం చిన్న కేంద్రానికి కష్టం. డ్రిప్ వాడాలంటే ఇసుక ఫిల్టర్ తర్వాత డిస్క్ ఫిల్టర్ కూడా పెట్టాలి, లేకపోతే డ్రిప్పర్లు జిగటతో పూడిపోతాయి.

చట్టం ఏ ప్రమాణాలు అడుగుతుంది?

కేంద్ర పర్యావరణ శాఖ 2017 అక్టోబరులో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, మహానగరాలు కాని ప్రాంతాల్లో ఎస్‌టీపీ నుంచి వచ్చే నీటిలో లీటరుకు బీఓడీ 30, తేలే రేణువులు 100 మిల్లీగ్రాములు, మల కోలిఫారాలు వంద మిల్లీలీటర్లకు 1,000 మించరాదు. 2019 ఏప్రిల్ 30న జాతీయ హరిత ట్రైబ్యునల్ ఇంకా కఠినంగా బీఓడీ 10, రేణువులు 20, కోలిఫారాలు 230 అన్న హద్దులను సూచించింది. వడపోత లేకుండా రేణువులను 20కి దించడం చాలా కష్టం. కాబట్టి కొత్తగా కట్టేవారు ఈ రెండో వరసను గురిగా పెట్టుకోవాలి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పత్రంలో ఏ అంకెలు రాశారో అవే మీ కేంద్రానికి వర్తిస్తాయి.

డబ్బు ఎక్కడి నుంచి?

2020లో మొదలైన స్వచ్ఛ భారత్ గ్రామీణ్ రెండో దశ మార్గదర్శకాల్లో వాడుక నీటి పనులకు 5,000 లోపు జనాభా ఉన్న గ్రామాలకు మనిషికి 280 రూపాయలు, అంతకు మించితే 660 రూపాయలు పరిమితిగా పెట్టారు. అందులో 30 శాతం గ్రామ పంచాయతీ 15వ ఆర్థిక సంఘం నిధుల నుంచి ఇవ్వాలని అప్పుడు పెట్టారు. ఆ లెక్కన మన 4,000 మంది గ్రామానికి మొత్తం 11,20,000 రూపాయలు, అందులో పంచాయతీ వాటా 3,36,000. ఇది ఇంకుడు గుంతలు, కుంటలు, కాల్వ చివరి పనులు అన్నింటికీ కలిపి ఇచ్చే మొత్తం. కుంటకే అంతా ఖర్చయి ఫిల్టర్‌కు మిగలకపోతే దశలవారీగా కట్టండి, కానీ ఫిల్టర్ కోసం స్థలాన్ని, నీరు దానంతటదే పారే మట్టాన్ని మొదటి రోజే వదిలి ఉంచండి. నెమ్మది ఫిల్టర్‌కు కుంట అలుగుకు, బయటి కాల్వకు మధ్య కనీసం మీటరున్నర పల్లం కావాలి. ఆ పల్లం పోగొట్టుకుంటే తర్వాత ఎల్లకాలం పంపు ఖర్చు భరించాలి.

పని ఎవరు చేయాలి? వారి భద్రత మాటేమిటి?

ఒక మనిషి పేరు మీద ఆ పని ఉండాలి, అతనికి ఆ పనికి జీతం ఉండాలి. ఖాళీ సమయంలో చూసుకోమని వాటర్‌మన్‌కు అప్పగించిన కేంద్రం నిలబడదు.

సెటిల్లింగ్ ట్యాంకులోకి, మూసిన సిలిండర్‌లోకి మనిషిని దింపకండి. లోపల పేరుకునే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఎక్కువ మోతాదులో వాసన తెలియకుండా చేసి క్షణాల్లో స్పృహ తప్పిస్తుంది, కాపాడబోయి దిగినవారు కూడా చనిపోతారు. రక్షణ పరికరాలు లేకుండా సెప్టిక్ ట్యాంకుల్లోకి మనుషులను దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. ఇలాంటి మరణాలకు పరిహారాన్ని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు 30 లక్షల రూపాయలకు పెంచింది. మడ్డిని పైనుంచే పంపుతో తీయించాలి. ఇసుక గీకే వారికి గమ్‌బూట్లు, చేతి తొడుగులు, సబ్బు, స్నానానికి నీరు, పొట్ట పురుగులకు మాత్రలు పంచాయతీయే ఇవ్వాలి.

సెప్టిక్ ట్యాంకు లారీని మా కేంద్రంలో ఖాళీ చేయనివ్వవచ్చా?

ఇవ్వకూడదు. ఆ మడ్డి మామూలు మురుగునీటికంటే ఎన్నో రెట్లు చిక్కనిది. ఒక్క లారీ చాలు, కుంటలోని సూక్ష్మజీవులు కుదేలయి, ఇసుక పడక మూసుకుపోతుంది. దానికి కర్ణాటకలోని దేవనహళ్లిలో 2015లో కట్టినటువంటి మలమడ్డి శుద్ధి కేంద్రాలు వేరుగా ఉన్నాయి. దగ్గరి మున్సిపాలిటీలో అలాంటిది ఉంటే లారీలు అక్కడికే వెళ్లేలా పంచాయతీ ఒప్పందం చేసుకోవాలి, కేంద్రం గేటుకు రాత్రిపూట తాళం వేయాలి.

ల్యాబు ఫలితాలు రావడానికి రోజులు పడుతుంది. రోజూ ఎలా తెలుసుకోవాలి?

మన దేశంలో బీఓడీ పరీక్షను 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచి చేస్తారు కనుక ఫలితం వెంటనే రాదు. మూడు నెలలకోసారి గుర్తింపు పొందిన ల్యాబుకు పంపుతూనే, రోజూ చూడడానికి ఒక పారదర్శక గొట్టం ఉంచుకోండి. అడుగున నల్లటి గీత గీసి, పైనుంచి చూస్తూ వడకట్టిన నీటిని పోస్తూ పోండి. గీత కనిపించకుండా పోయిన ఎత్తును సెంటీమీటర్లలో రాసుకోండి. ఫిల్టర్ ముందు నీటికీ అలాగే చేయండి. రెండు అంకెల మధ్య తేడా తగ్గుతూ వస్తే ఇసుకలో ఎక్కడో దారి పడి నీరు వడకట్టకుండా జారిపోతోందని అర్థం. ముందరి అంకే పడిపోతూ ఉంటే సెటిల్లింగ్ ట్యాంకు మడ్డి తీసే వేళ అయినట్టు. తేదీ, రెండు ఎత్తులు, గేజీల తేడా, కడిగిన సమయం రాసే పుస్తకాన్ని కేంద్రంలోనే తాడుతో కట్టి ఉంచండి, నెలకోసారి గ్రామసభకు దాన్ని తెచ్చి చదివించండి.